కత్తెర రెండు చేతులతో పట్టుకున్న మూడో తరగతి

కరోనాతో మూసిన బడులు 2021 ఆగస్టు 16న మళ్లీ తెరిచినప్పుడు నా టెన్షనంతా అక్షరాల గురించే. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి నాది. ఆ పిల్లలు 2020 మార్చిలో ఒకటో తరగతి చివర్లో ఇంటికెళ్లినవాళ్లు, నడుమ 2021 ఫిబ్రవరిలో పిలిచి ఏప్రిల్‌లో మళ్లీ పంపేశాం. కాబట్టి గుణింతాలు మర్చిపోతారని తెలుసు. వేళ్లు కూడా మర్చిపోతాయని మాత్రం అనుకోలేదు.

మొదటి చేతిపని పీరియడ్‌లో రంగు కాగితాలిచ్చి పడవ చేయమన్నాను. సగం మందికి కాగితం అంచులు కలపడమే రాలేదు. ఒక పాప కత్తెరను రెండు చేతులతో పట్టుకుని తెరుస్తోంది. ఫోన్ ఇస్తే మాత్రం బొటనవేలు చకచకా ఆడుతుంది.

చేతిపని నేర్పడమంటే పిల్లల చెయ్యి పట్టుకుని నేర్పడమే కదా, మమ్మల్నేమో దూరంగా ఉండమన్నారు. ఉన్నవి నాలుగు కత్తెరలు, ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేలోపు శానిటైజర్‌తో తుడవాలి, ఆ తడి చేతులతోనే మైదా జిగురు పూస్తే కాగితం చిరిగేది. పీరియడ్ అంతా తుడవడానికే సరిపోయేది. పైగా నేనేమైనా నిపుణుడినా? డీఎడ్‌లో, అంటే టీచర్ ట్రైనింగ్‌లో, నా క్రాఫ్ట్ రికార్డు మా చెల్లెలు చేసిపెట్టింది (ఇప్పుడు చెప్పినా ఉద్యోగానికేం కాదులెండి). విద్యాహక్కు చట్టం ప్రకారం పని విద్యకు (ఇలాంటి చేతిపనులకు) పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండేది ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, అదీ వందమంది పైన పిల్లలుంటేనే. చిన్న తరగతుల్లో అన్నీ మేమే.

చివరికి మట్టి కాపాడింది. సెప్టెంబర్ 10న చవితి, ఆ ముందు వారం చెరువు మట్టి తెప్పించి, రాత్రంతా నానబెట్టి, రాళ్లు ఏరి తలా ఒక ముద్ద పాత పేపర్ మీద పెట్టాను. ఎవరి ముద్ద వాళ్లది, మార్చుకునే పనే లేదు. ఒక తండ్రి గేటు దగ్గర నిలబడి "కరోనా టైంలో ఈ మట్టి ఏంటి మాస్టారూ" అన్నాడు. పీరియడ్ అయ్యాక సబ్బుతో కడిగిస్తానని చెప్తే ఒప్పుకున్నాడు గానీ మొహం మాత్రం మారలేదు.

మర్నాటికి సగం బొమ్మలు ఎండకి పగిలిపోయాయి. అప్పుడు, తన పేరు కూడా సరిగ్గా రాయలేని ఒక పిల్లాడు లేచి, "ఊక కలపాలి మాస్టారూ, మా నాయనమ్మ పొయ్యి వేసేటప్పుడు కలుపుద్ది, నీడలో ఆరబెట్టుద్ది" అన్నాడు. బడి మూసిన రోజుల్లో వాడు ఆవిడతోనే ఉన్నాడట. మర్నాడు ఊక తెచ్చింది కూడా వాడే. అందరూ వినాయకుణ్ణి చేస్తే వాడు ట్రాక్టర్ చేశాడు, అది పగల్లేదు, నా బీరువాలో ఇప్పటికీ ఉంది. ఆ రోజు మట్టి ఎంత మెత్తగా పిసకాలో నాకూ పిల్లలకీ చూపించింది వాడే, నేను పక్కన కూర్చుని పిసికాను.

కత్తెరలు తర్వాత నా డబ్బుతో ఇంకో ఆరు కొన్నాను. ఆ పాప దసరా సెలవుల తర్వాత ఒంటి చేత్తో కత్తిరించింది, వంకరటింకరగానే, నాలుక బయటపెట్టి మరీ.