ఏడో వారం: అంకెల్ని ఏ భాషలో గుర్తుపెట్టుకుంటున్నాను?

ఏడు వారాలైంది మొదలుపెట్టి, నోటుపుస్తకం సగానికి పైగా నిండింది. ఆన్‌లైన్‌లో దొరికే తెలివితేటల పరీక్షల్ని ఒక పద్ధతిగా రాసి, తేదీ, టైమ్, నిద్ర ఎన్ని గంటలు, ఏ పరికరం మీద రాశాను, అన్నీ పక్కనే నోట్ చేయడం, ఇదే నా సరదా. మొదటి ఆరు వారాలు స్కోర్ల వెంట పడ్డాను. ఈ వారం మాత్రం నన్ను పూర్తిగా వేరే విషయం పట్టేసింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

బి.ఎడ్. చేసినవాళ్లకీ, టెట్‌కి చదివినవాళ్లకీ ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) సూత్రం కంఠతా వచ్చే ఉంటుంది: మానసిక వయసును వాస్తవ వయసుతో భాగించి 100తో గుణించాలి. నేనూ అదే పట్టుకుని దిగాను. ఇప్పటి పరీక్షలు ఆ లెక్క వాడవు. మన వయసువాళ్ల సగటును 100 అనుకుని, దానికి ఎంత దూరంలో ఉన్నామో చెబుతాయి, ఈ పద్ధతిని 1939లో అమెరికన్ మనస్తత్వవేత్త వెక్స్‌లర్ తన పెద్దవాళ్ల పరీక్షతో స్థిరపరిచాడు. ఆ దూరాన్ని కొలిచే స్టాండర్డ్ డీవియేషన్ చాలా పరీక్షల్లో 15, కొన్నిటిలో 16, కాటెల్ స్కేలులో 24. అంటే ఒకచోట 130, ఇంకోచోట 132, మరోచోట 148, ఈ మూడూ ఒకే స్థాయి. ఎవరైనా 148 వచ్చిందంటే ముందు ఏ స్కేలు అని అడగండి. స్కేలు చెప్పని సైట్లని నేను మొదటి వారంలోనే వదిలేశాను, అరగంట కూర్చోబెట్టి ఫలితం చూపించడానికి డబ్బు కట్టమన్న ఒక సైటుని కూడా.

బొమ్మల వరసలో తొమ్మిదో గడి నింపే రకం పరీక్షకి ఎక్కువ ఐక్యూ ఉన్నవాళ్ల సంఘం మెన్సా, దాని నార్వే శాఖ వాళ్లది వాడాను, 35 ప్రశ్నలు, 25 నిమిషాలు. మొదటి వారం 112. నాలుగో వారం 121. నా బుర్ర మూడు వారాల్లో తొమ్మిది పాయింట్లు పెరగలేదు, ప్రశ్నలు అవే కాబట్టి నాకు కిటుకులు తెలిసిపోయాయి: బొమ్మ తిరుగుతోందా, రెండు గడులు కలిస్తే మూడోది వస్తోందా, రెండిట్లోనూ ఉన్న గీత చెరిగిపోతోందా. కాబట్టి నా లెక్కలో మొదటిసారి వచ్చిందే స్కోరు. అదీ కచ్చితమైన అంకె కాదు. ఎంతో మంచి పరీక్ష అనుకుని విశ్వసనీయత (మళ్లీ రాసినా అదే ఫలితం ఎంతవరకు వస్తుందనే కొలత, గరిష్ఠం 1) 0.9 వేసుకున్నా అటూ ఇటూ తొమ్మిది పాయింట్ల తేడా ఉంటుంది, అంటే 112 అన్నది 103 నుంచి 121 వరకూ ఏదైనా కావచ్చు. నా రెండో స్కోరు కూడా ఆ హద్దులోనే పడింది!

రియాక్షన్ టైమ్ గురించి ఒక్క మాట. రంగు మారగానే నొక్కే పరీక్షలో లాప్‌టాప్ ట్రాక్‌ప్యాడ్ మీద నా సగటు 291 మిల్లీసెకండ్లు, వైరున్న మౌస్‌తో 262, ఫోన్ మీద 330. మనిషి అదే, పొద్దున్న అదే. స్క్రీన్ 60 హెర్ట్జ్ అయితే ఒక్కో ఫ్రేముకే దాదాపు 17 మిల్లీసెకండ్లు పడుతుంది, కాబట్టి పరికరం మార్చకుండా మీతో మీరే పోల్చుకోండి, పక్కవాళ్లతో వద్దు.

ఇక అసలు సంగతి. అంకెలు చూపించి తిరిగి టైప్ చేయమనే పరీక్షలో ఒకరోజు తొమ్మిది అంకెలు, మర్నాడు ఏడు వస్తుంటే నిద్ర అనుకున్నాను, టీ అనుకున్నాను. నోటుపుస్తకంలో ఏ కారణంతోనూ సరిపోలేదు. గత శనివారం రాస్తూ రాస్తూ గమనించాను, ఆ రోజు మనసులో అంకెల్ని తెలుగులో చదువుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు అని వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టాను: సున్నా నుంచి తొమ్మిది దాకా తెలుగులో 25 అక్షరాలు, ఇంగ్లీషులో (స్పెల్లింగ్ కాదు, పలికే ముక్కలు) 12. ఎనిమిది ఒక్కటే నాలుగు, వాళ్ల ఎయిట్ ఒక్క దెబ్బలో అయిపోతుంది.

వెతికితే దీనికి గట్టి ఆధారమే ఉంది. బ్రిటిష్ మనస్తత్వవేత్త బాడ్లీ బృందం 1975లో చూపించింది ఏమిటంటే, సుమారు రెండు సెకండ్లలో పలకగలిగినంతే మనం అలా మనసులో తిప్పుకుంటూ నిలుపుకోగలం. 1980లో ఎలిస్, హెనెలీ అనే ఇద్దరు వెల్ష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లని పరీక్షిస్తే, అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పట్టే వెల్ష్‌లో తక్కువ అంకెలే గుర్తున్నాయి. లోలోపల పలుక్కోకుండా ఆపితే ఆ తేడా పోయింది.

వెంటనే నేనే చేసి చూశాను. స్క్రీన్ మీద అంకెలన్నీ ఒకేసారి కనిపిస్తే మనసు ఏ భాషలోకైనా జారుకుంటుంది, అందుకని ఫోన్‌లో నా గొంతు రికార్డు చేశాను, మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి 60కి పెట్టి సెకండుకి ఒక అంకె చొప్పున, తెలుగులో 30 వరసలు, ఇంగ్లీషులో 30. వరసలు కంప్యూటర్‌తో తీయించాలి, మనమే చెబితే తెలియకుండానే ఫోన్ నంబర్లలా వస్తాయి. రోజూ రెండు భాషలూ, ఏది ముందో మార్చుకుంటూ ఆరు రోజులు. ఇంగ్లీషులో సగటు 8.3, తెలుగులో 7.1. ఒక్క మనిషి మీద ఆరు రోజులే, అయినా ఏ రోజూ తెలుగు పైన రాలేదు.

నాన్నని కూడా కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్లు కొట్లో పద్దులు రాసిన మనిషి, ఇంగ్లీషు అంకెలు అలవాటు లేదు. "నువ్వు చదవరా, నేను చెప్తా" అని కళ్లు మూసుకుని తెలుగులో ఎనిమిది అంకెలు చెప్పేశారు. ఎలా అంటే జతలు కట్టారట, తొంభై నాలుగు, ఇరవై మూడు అని. అక్షరాలేమీ తగ్గవు, కానీ ఎనిమిది విడి ముక్కలు నాలుగు అవుతాయి. అష్టావధానంలో పద్యాల మధ్య మోగించే గంటల్ని లెక్కపెట్టి చివర్లో చెప్పే అవధానులకీ ఇలాంటి అమరిక ఏదో ఉండే ఉంటుందని ఆ క్షణంలో అనిపించింది, ఎవరైనా అవధానిని అడగాలి.

నాకు దీంట్లో బాధ కలిగించేది ఒకటుంది. తెలుగు మీడియం పిల్లాడికి అంకెలు వినిపించి, ఇంగ్లీషు పిల్లల సగటుతో పోలిస్తే వాడికి జ్ఞాపకశక్తి తక్కువని తేలుతుంది, తక్కువ కాకపోయినా. టీచర్లు ఎవరైనా ఇలాంటివి క్లాసులో చేయిస్తుంటే, తెలుగు పిల్లల్ని తెలుగు పిల్లలతోనే పోల్చండి.

వచ్చే వారం పని: అవే రికార్డింగులు, ఈసారి వెనక నుంచి ముందుకి చెప్పడం. నాన్న ఈసారి జతలు కట్టకుండా చేస్తానన్నారు. బొమ్మల పరీక్ష మూడు నెలలు ముట్టుకోను.