నా కోపానికి పదకొండేళ్ళు

మియాపూర్ మెట్రో స్టేషన్ మెట్ల పక్కన బైకు ఆపుకుని నేను ఎన్ని సాయంత్రాలు పాడుచేశానో లెక్కలేదు. మా ఆవిడ అమీర్‌పేటలో పని చేస్తుంది. ఆరున్నరకి దిగుతానంటే ఆరున్నరకి దిగాలి. ఆరూ నలభైకి నా మెడ నరాలు లాగడం మొదలయ్యేది. ఆరూ యాభైకి నాలుగు మిస్డ్ కాల్స్. ఆమె మెట్లు దిగేసరికి నేను మనిషిలా ఉండేవాణ్ణి కాదు. జనం మధ్య, మా అమ్మాయి బైకు మీద కూర్చుని చూస్తుండగానే అరిచేసేవాణ్ణి. ఇంటికెళ్ళాక సారీ. మర్నాడు టిఫిను నేనే చెయ్యడం. వారం తిరిగేసరికి మళ్ళీ అదే.

నిరుడు ఫిబ్రవరిలో ఒకరోజు మా అమ్మాయి, అప్పటికి రెండో తరగతి, నా ఫోన్ లాక్కుని వాళ్ళమ్మకి వాయిస్ మెసేజ్ పెట్టింది. "అమ్మా, తొందరగా వచ్చెయ్. ఇంకో ఐదు నిమిషాలైతే నాన్న అరుస్తాడు." భయపడుతూ ఏం చెప్పలేదు. వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకో అన్నంత మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనానికే నాకు కాళ్ళాడలేదు.

అయినా సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళడానికి ఇంకో నెల పట్టింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎవరైనా ఆలస్యంగా వస్తే మీకు మొట్టమొదట భయం వేసింది ఎప్పుడు?" భయం కాదండీ, కోపం, అన్నాను. "సరే, కోపమే అనుకుందాం" అని రాసుకున్నారు. మూడో వారం ఆవిడ నోట 'ఇన్నర్ చైల్డ్', అంటే మన లోపల మిగిలిపోయిన చిన్నప్పటి పిల్లాడు, అనే మాట వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. టెడ్డీబేర్‌ని కావలించుకుని ఏడ్చే రీల్సు గుర్తొచ్చాయి. ఆవిడా నవ్వారు. "అది జబ్బు పేరు కాదు, స్కాన్‌లో కనపడేదీ కాదు. మాట్లాడుకోవడానికి ఒక వీలు, అంతే. రాయడం మీద మాత్రం పరిశోధన ఉంది, అది చేసి చూడండి" అన్నారు.

ఆ పరిశోధన సంగతి నేను తర్వాత చదివాను. అమెరికాలో జేమ్స్ పెన్నబేకర్ అనే సైకాలజిస్టు కాలేజీ పిల్లలచేత వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని బాగా కలచివేసిన సంగతుల గురించి రాయించాడు. 1986లో అచ్చయింది. జరిగిందీ, అప్పుడు పడిన బాధా రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు ఇంకా పాడైంది. ఈ రెండో ముక్కని రీల్సువాళ్ళు చెప్పరు. 2006లో ఇలాంటి 146 అధ్యయనాలని కలిపి లెక్కేస్తే మేలు ఉందనే తేలింది, కాకపోతే చిన్నదే. నాకా చిన్నదనే మాట నచ్చింది. జీవితం మారిపోతుందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ రోజే మానేసేవాణ్ణి.

మొదట ఆన్‌లైన్లో ఒక తోలు అట్ట డైరీ కొన్నాను. అంత ఖరీదైన కాగితం మీద ఏడుపు ఏం రాస్తాం? రెండు రోజులు అలా పెట్టి చూసి, మా అమ్మాయి సగం వాడి పడేసిన ఈవీఎస్ నోట్సు తీసుకున్నాను. లేబుల్ మీద దాని పేరు, 'తరగతి: 2' అని ఉంటుంది. తిప్పి వెనక నుంచి మొదలుపెట్టాను.

ఆ నాలుగు రోజులూ ఇంగ్లీషులో రాశాను. ఆఫీసులో రోజంతా రాసేది అదేగా. సైకాలజిస్టు ఇచ్చిన భావాల చక్రం, అంటే భావాల పేర్లు గుండ్రంగా రాసి ఉన్న బొమ్మ, అది కూడా ఇంగ్లీషులోనే ఉంది: యాంగ్జియస్, ఓవర్‌వెల్మ్‌డ్, అబాండన్డ్. చక్రంలో మాట వెతుక్కోవడం, రాయడం. చదువుకుంటే ప్రాజెక్టు స్టేటస్ రిపోర్టులా ఉంది. కన్నీళ్ళు కాదు కదా, నిట్టూర్పు కూడా రాలేదు. నాకిది అచ్చిరాదని చెప్పేశాను. ఆవిడ కాసేపు ఆగి అడిగారు: "ఆరో తరగతికి హాస్టల్లో చేరేనాటికి మీకు ఇంగ్లీషు వచ్చా?"

రాదు. చీరాలలో తెలుగు మీడియం ఐదో తరగతి చదివి వచ్చినవాణ్ణి.

"మరి ఆ అబ్బాయికి అర్థమయ్యే భాషలో రాయండి."

తెలుగులో రాయడం అంత తేలిక అనుకున్నారా? ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతు నేను. పదో తరగతి తర్వాత తెలుగులో ఒక్క పేజీ రాసి ఎరగను. ఒత్తులు తప్పు, ళకీ లకీ తేడా పోయింది. 'క్షమించు' రాయడానికి ఫోన్‌లో చూసుకోవాల్సి వచ్చింది. కానీ రెండో పేజీలో ఎక్కడినుంచో ఒక మాట ఊడిపడింది. బెంగ.

మా నాయనమ్మ మాట అది. "పిల్లాడు బెంగ పెట్టుకున్నాడే, అందుకే ఒళ్ళు కాలుతోంది" అనేది. బెంగకి జ్వరం వస్తుంది, అన్నం సయించదు, దిష్టి తీస్తారు. యాంగ్జైటీకి ఎవరూ దిష్టి తియ్యరు. ఆ మాట రాయగానే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి పెన్ను కింద పెట్టేశాను. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. ఉక్రోషం: కోపమే, కానీ ఏమీ చెయ్యలేక కళ్ళల్లోంచి కారే కోపం. నామోషీ. గుబులు. చిన్నబోవడం. ఇవన్నీ నా ఒంట్లోనే ఉన్నాయి, ఇరవై ఏడేళ్ళుగా 'చిరాకు' అనే ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి. ముఖాల ఫొటోలు చూపించి ఆ ముఖంలోని భావానికి పేరు ఎంచుకోమంటే మెదడులో భయం లాంటివాటికి ఉలిక్కిపడే అమిగ్డాలా అనే భాగం హడావిడి తగ్గుతుందని 2007లో లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూపించింది. వాళ్ళు చేసింది ఇంగ్లీషు మాటలతోనే. నా మటుకు నాకు అది పనిచేసింది నాయనమ్మ మాటలతో.

ఆరో రోజున ఆ ఆదివారం గురించి రాశాను.

1998. గుంటూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూలు. ఆరో తరగతి, పదకొండేళ్ళు. నెలకి ఒక ఆదివారం అమ్మానాన్నలు రావచ్చు, పది నుంచి నాలుగు దాకా. మా నాన్న చీరాలలో బట్టల కొట్లో గుమాస్తా. ఆదివారం కూడా ఒంటిగంట దాకా కొట్టు ఉంటుంది. ఆ తర్వాత బస్సు పట్టుకుని రావాలి. ఆ రోజు నాలుగు కొట్టేశారు. మిగతా పిల్లల నాన్నలు వెళ్ళిపోయారు, నన్ను పైకి పంపేశారు. నోట్సులో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను, ఒత్తులు మాత్రం దిద్దాను:

"కిటికీ చువ్వకి పెయింటు పెచ్చులు లేచి గోట్లో గుచ్చుకుంది. గేటు దగ్గర నాన్న. తెల్లచొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేతిలో మూడు గిన్నెల క్యారియరు. వాచ్‌మన్ క్యారియరు తీసుకున్నాడు, లోపలికి రానివ్వలేదు. నాన్న తలెత్తి చూశాడు. పక్క బ్లాకు వైపు చూశాడు. నేను ఇటున్నాను. పిలవలేదు. స్టడీ అవర్ మొదలైంది, పిలిస్తే కొడతారు. నాన్న వెళ్ళిపోయాడు. రాత్రి పులిహోర పాసిపోయింది. అయినా తిన్నాను."

అన్నేళ్ళూ నేను గుర్తుపెట్టుకున్నది 'నాన్న ఆలస్యంగా వచ్చాడు' అనే. 'పిలవలేదు' అన్న ముక్క చేత్తో రాసినప్పుడే బయటపడింది. మెట్రో స్టేషన్ కింద నేను పెట్టే కేకలకీ ఆ రోజు నోట్లోనే ఉండిపోయిన కేకకీ చుట్టరికం ఉందా అంటే, ఏమో, ఉందనే అనిపిస్తుంది.

ఆ రాత్రి నిద్ర లేదు. ఒంటిగంటకి గుండె దడదడ. 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతలివాళ్ళు సలహాలేవీ గుప్పించలేదు, దడ తగ్గేదాకా మాట్లాడించారు. మర్నాడు సైకాలజిస్టుకి చెప్తే తప్పు నాదేనని తేలింది: పదకొండింటికి, పడుకునే ముందు, 50 నిమిషాలు రాశాను. 15 నిమిషాలన్నది మాటవరసకి చెప్పింది కాదట. రాస్తూంటే తట్టుకోలేననిపిస్తే ఆ క్షణమే ఆపి వేరే విషయం రాయాలి, లేదా మూసెయ్యాలి. పెన్నబేకర్ కూడా ఇదే చెబుతాడు. చిన్నప్పుడు ఒంటిమీద చెయ్యి వేసినవాళ్ళో, గొడ్డుని బాదినట్టు బాదినవాళ్ళో ఉంటే ఆ పేజీ అసలు ఒంటరిగా తెరవొద్దని కూడా ఆవిడ ఖచ్చితంగా చెప్పారు.

అప్పటినుంచీ సాయంత్రమే రాస్తున్నాను, వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఫోన్‌లో అలారం పెట్టుకుని. మోగగానే చివర ఒక వాక్యం: "ఈరోజు 2024 మే 14. నాకు 37 ఏళ్ళు. మియాపూర్లో మా ఇంట్లో ఉన్నాను. కుక్కర్ రెండో విజిలు వేసింది." తర్వాత చన్నీళ్ళతో మొహం కడుక్కోవడం. ఆ వాక్యం లేకపోతే నేను ఆ కిటికీ దగ్గరే ఉండిపోతాను, నిజంగానే.

ఆ పదకొండేళ్ళ అబ్బాయికి ఉత్తరం రాయమని సైకాలజిస్టు అన్నప్పుడు రెండు పేజీలు దంచేశాను. బాధపడకు, నీకు మంచి ఉద్యోగం వస్తుంది, ఇల్లు కొంటావు, ఇదంతా నీ మంచికే. చదివి వినిపిస్తే ఆవిడ "ఈ ఉత్తరం మీ మావయ్య రాశారా?" అన్నారు. సిగ్గేసింది. రెండోసారి నాలుగు లైన్లే: "ఒరేయ్, నువ్వు పిలవకపోవడం నీ తప్పు కాదు. పిలిస్తే కొట్టేవాళ్ళు. నాన్న నిన్ను వెతుక్కున్నాడు, నేను చూశాను. గోరు నొప్పిగా ఉందా?" ఆ గోరు మాట ఎందుకు రాశానో తెలీదు. అక్కడే ఏడ్చాను. ఎడమచేత్తో రాస్తే లోపలి పిల్లాడు జవాబిస్తాడని ఇంటర్నెట్లో చూసి అదీ ప్రయత్నించాను. చెయ్యి నొప్పి పుట్టింది, అక్షరాలు పీతలు పాకినట్టున్నాయి, అంతే. కొందరికి పనికొస్తుందేమో, నేను మానేశాను.

జూన్‌లో ధైర్యం చేసి నాన్నకి ఫోన్ చేశాను. ఆరో తరగతిలో ఒక ఆదివారం నన్ను చూడకుండానే వెళ్ళిపోయావు, గుర్తుందా నాన్నా, అన్నాను.

"ఏ ఆదివారంరా? కొట్టు కట్టేసేసరికి ఒంటిగంట, అన్నీ ఆలస్యమేగా" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "భోంచేశావా?" అన్నాడు.

గుర్తు లేదు ఆయనకి. మూడు రోజులపాటు నోట్సు నిండా ఉక్రోషమే. మా ఇద్దరికీ మధ్య సినిమాల్లోలా ఏమీ జరగలేదు, ఇప్పటికీ.

పనికొచ్చిందేమిటంటే, ఇప్పుడు స్టేషన్ కింద ఫోన్‌లో ఒకే లైను టైప్ చేస్తాను: ఒంట్లో ఎక్కడ, పేరేమిటి, పదికి ఎంత, వయసెంత. "మెడ. బెంగ. 7. పదకొండేళ్ళు." ఆ నాలుగోది నేనే కలుపుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడికి భార్య ఇరవై నిమిషాలు ఆలస్యమైతే వచ్చే కోపం మూడో నాలుగో ఉంటుంది. ఏడు వచ్చిందంటే అది నాది కాదు, వాడిది. 'ఎందుకిలా అవుతోంది' అని రాయడం మాత్రం మానుకున్నాను. ఎందుకు అని మొదలుపెడితే నాకు తవ్వకం ఆగదు, రాసేకొద్దీ కోపం పులుస్తుంది. ఎక్కడ, ఏమిటి, ఎంత, ఇవి చాలు.

ప్రతిసారీ పనిచెయ్యదు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ క్యాబు ఆలస్యమైందని డ్రైవర్ మీద విరుచుకుపడ్డాను. టైప్ చెయ్యడం గుర్తే రాలేదు. మా ఆవిడ లెక్క ప్రకారం పదిసార్లలో ఆరుసార్లు నయం. ఆవిడ లెక్కల్లో గట్టిది, నేను వాదించను. ఒకసారి ఆవిడ ఆ నోట్సు పాతపేపర్లవాడికి వెయ్యబోతే ఎగిరి లాక్కున్నాను. అందులో ఏముందని అడగలేదు. రాసుకునేదెప్పుడో చెప్తే ఆ పదిహేను నిమిషాలూ వంటింట్లోకి రానంది.

నోట్సు గతవారం అయిపోయింది. ఇంకోటి కావాలని మా అమ్మాయిని అడిగితే మూడో తరగతి మ్యాథ్స్ పుస్తకం ఇచ్చింది. ముందు పేజీల్లో ఎక్కాలున్నాయట, అవి చింపితే ఊరుకోనంది.