ఎర్ర నంబర్ ప్లేటు కారుతో ఐదు వారాలు: నా అనుభవం

యూరప్‌లో కారు ట్రిప్ అనగానే అందరం ముందు మ్యాపు తెరుస్తాం. మేమూ అక్కడే మొదలుపెట్టి, నెల తర్వాత మొత్తం తిరగరాసుకున్నాం. ముందు తేలాల్సింది తేదీలు, కాగితాలు. ఊళ్ళ సంగతి ఆ తర్వాతే.

మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం, పాస్‌పోర్టులు ఇండియావి. నలుగురం, 35 రోజులు. పారిస్ నుంచి అల్సాస్, దక్షిణ జర్మనీ, సాల్జ్‌బర్గ్, స్లోవేనియా, క్రొయేషియా తీరం, ఉత్తర ఇటలీ, స్విట్జర్లాండ్ చుట్టి మళ్ళీ పారిస్.

ఇన్ని రోజులకు మామూలు అద్దె కారు కంటే ఫ్రాన్స్‌లో ఇచ్చే స్వల్పకాలిక లీజు మేలు. ఇది యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారికే. కొత్త కారును తాత్కాలికంగా మన పేరు మీదే రిజిస్టర్ చేసి, ఎర్ర ప్లేటు బిగించి ఇస్తారు. దాని మీద ‘టీటీ’ అని ఉంటుంది. మామూలుగా కనీసం 21 రోజులు తీసుకోవాలి, గరిష్ఠంగా 175 రోజుల వరకు ఇస్తారు. కిలోమీటర్ల పరిమితి లేదు. ఇన్సూరెన్స్ పూర్తి స్థాయిది, గీత పడ్డా మన చేతి నుంచి కట్టే వాటా ఉండదు. అద్దె కౌంటర్‌లో అదనపు ఇన్సూరెన్స్ గురించి జరిగే బేరం మొత్తం తప్పిపోతుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. మూడు వారాల లోపు ట్రిప్పుకు మాత్రం అద్దె కారే చవక. కారును ఫ్రాన్స్‌లోనే తీసుకుని ఫ్రాన్స్‌లోనే ఇస్తే మేలు. వేరే దేశంలో తీసుకున్నా, వదిలినా ఛార్జీ వందల యూరోల్లో ఉంటుంది.

రిజిస్ట్రేషన్ కాగితం మీద గడువు తేదీ రాసి ఉంటుంది. అది దాటితే ఇన్సూరెన్స్ కూడా ఉండదు. పొడిగించుకోవాలంటే గడువుకు చాలా ముందే అడగాలి. అందుకని మేం విమానానికి రెండు రోజుల ముందే కారు అప్పగించేలా తేదీలు పెట్టుకున్నాం.

కారు ఎంచుకునేటప్పుడు సీట్లు కాదు, డిక్కీ లెక్కపెట్టండి. ప్యూజో 308 మామూలు మోడల్లో డిక్కీ 412 లీటర్లు, అదే కారు ఎస్టేట్ (వెనక భాగం పొడుగ్గా ఉండే) మోడల్లో 608. మూడు పెద్ద సూట్‌కేసులూ రెండు బ్యాగులూ రెండోదాంట్లోనే పట్టాయి, పైన తెర కూడా మూతపడింది. ఆ తెర మూతపడటం చాలా ముఖ్యం. లోపల సామాను కనిపిస్తే పర్యాటక ఊళ్ళలో అద్దం పగలగొట్టేస్తారు.

మేం తిరిగిన దేశాలన్నిటికీ కలిపి ఒకటే వీసా, షెంగెన్ వీసా. దాని దగ్గర రెండు లెక్కలున్నాయి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మాకు 34 రాత్రుల్లో 13 ఫ్రాన్స్‌లో, కాబట్టి ఫ్రాన్స్ వీసా. రెండోది మల్టిపుల్ ఎంట్రీ. డుబ్రోవ్నిక్‌కు పాత తీర రోడ్డు మీద వెళితే నెయుమ్ దగ్గర కాసేపు బోస్నియాలోకి వెళ్ళి రావాలి. సింగిల్ ఎంట్రీ వీసా అయితే అక్కడితో అయిపోయినట్టే. 2022 జులైలో తెరిచిన పెల్యెషాట్స్ వంతెన మీదుగా వెళితే క్రొయేషియా దాటక్కర్లేదు. జీపీఎస్ ఒక్కోసారి పాత దారే చూపిస్తుంది, వంతెనను మధ్య మజిలీగా పెట్టుకోండి. వీసాకు చూపే ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

మన లైసెన్స్‌తోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరిగా ఉంచుకోండి. ఇండియా నుంచి వెళ్ళేవారికి దాన్ని ఆర్టీవో ఇస్తుంది, గడువు ఏడాది. ఒరిజినల్ లైసెన్స్ పక్కన లేకపోతే ఆ పర్మిట్‌కు విలువ లేదు.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది టోల్ వ్యవహారం. స్లోవేనియాలో, స్విట్జర్లాండ్‌లో ఎలక్ట్రానిక్ విన్యెట్ (హైవే మీద వెళ్ళడానికి ముందే కొనే పాస్) కొనాలంటే నంబర్ ప్లేటు కావాలి. మన నంబరేమో కారు రిజిస్టర్ అయ్యాకే తెలుస్తుంది. మాకు తీసుకునే ముందు వారంలో చెప్పారు. కాబట్టి నెలల ముందే అన్నీ కొనేద్దామంటే కుదరదు. నంబర్ రాగానే కొన్నాం: స్లోవేనియాకు వారానికి 16 యూరోలు, స్విట్జర్లాండ్‌కు ఏడాదిదే ఉంది కాబట్టి 40 ఫ్రాంకులు. కొనేటప్పుడు దేశం దగ్గర ఫ్రాన్స్ అని ఎంచుకోవాలి, నంబర్‌లో ఒక్క అక్షరం తప్పినా కొననట్టే లెక్క. ఆస్ట్రియాలో విన్యెట్ ఉన్నా సాల్జ్‌బర్గ్ నుంచి దక్షిణానికి దిగే టావెర్న్ మార్గానికీ, స్లోవేనియాలోకి తీసుకెళ్ళే కారవాంకెన్ సొరంగానికీ విడిగా టోల్ కట్టాలి.

ఫ్రాన్స్, ఇటలీ, క్రొయేషియాల్లో దూరాన్ని బట్టి వసూలు చేస్తారు. పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే ఏ13 మీద మాత్రం గేట్లే లేవు, కెమెరా నంబర్ తీసుకుంటుంది, 72 గంటల్లో మనమే ఆన్‌లైన్‌లో కట్టాలి. ఇటలీలో పసుపు రంగు లేన్ టెలిపాస్ (టోల్ దానంతటదే కట్టే పరికరం) పెట్టుకున్నవారికే. వెరోనా దగ్గర పొరపాటున అందులో దూరాను. అక్కడ వెనక్కి తీయకూడదు, అది పెద్ద నేరం. ఎర్ర బటన్ నొక్కితే అవతల మనిషి పలికాడు, యంత్రం నుంచి పొడుగాటి రసీదు వచ్చింది, గేటు లేచింది. పైన ‘మంకాటో పగమెంటో’ అని ఉంది, అంటే చెల్లింపు జరగలేదని. 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో కడితే అదనపు రుసుము లేదు, ఆ రాత్రే కట్టేశాను.

ఇటలీ పాత ఊళ్ళలో ‘జెడ్‌టీఎల్’ అనే బోర్డు, ఎర్ర వలయం కనిపిస్తే అటు తిరగొద్దు. స్థానికులకు మాత్రమే అనుమతి, దాటిన ప్రతిసారీ ఒక జరిమానా. హోటల్ లోపల ఉంటే, వెళ్ళకముందే వాళ్ళకు నంబర్ పంపి అనుమతి జాబితాలో చేర్పించుకోవాలి. మేమైతే ఊరి బయట పార్కింగ్ ఉన్న బసలే చూసుకున్నాం.

కారు చేతికిచ్చినప్పుడు ట్యాంకులో కొద్దిగానే ఉంటుంది, కాబట్టి మొదటి మజిలీ బంకే. ఫ్రాన్స్‌లో డీజిల్‌ను ‘గజోల్’ అంటారు, ఇటలీలో ‘గజోలియో’. పేరు వింటే గ్యాసోలిన్ అనిపిస్తుంది, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు తప్పు నాజిల్ ఎత్తేది ఇక్కడే. పేరు వదిలేసి గుర్తు చూడండి: పెట్రోల్‌కు వృత్తం, లోపల ఈ5 లేదా ఈ10. డీజిల్‌కు చతురస్రం, లోపల బీ7. ఇంధన మూత లోపలి వైపూ అదే గుర్తు ఉంటుంది. ఆదివారం సిబ్బంది లేని బంకుల్లో పిన్ ఉన్న కార్డే పనిచేస్తుంది, ముందుగా వంద యూరోలకు పైనే బ్లాక్ చేసి తర్వాత వదులుతారు.

ఎడమవైపు నడిపే అలవాటున్నవారికి మొదటి రోజు ప్రమాదం హైవే మీద కాదు, పార్కింగ్ నుంచి ఖాళీ వీధిలోకి తిరిగేటప్పుడు. ఎదురుగా ఏ కారూ లేనప్పుడే చెయ్యి పాత పక్కకు లాగుతుంది. ఇంకొకటి, ఫ్రాన్స్ ఊళ్ళలో బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే ముందు హక్కు, అది చిన్న సందయినా సరే.

రోజుకు 250 కిలోమీటర్లు మించకుండా, ఒక్కోచోట కనీసం రెండు రాత్రులు పెట్టుకున్నాం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లే తీసుకున్నాం. ఆవకాయ, పొడులు వెంట పెట్టుకోవచ్చు గానీ నెయ్యి, పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేనివ్వరు. పచ్చి కరివేపాకుకూ ప్రత్యేక సర్టిఫికెట్ అడుగుతారు, దాన్ని ఎండబెట్టి పొడిలో కలుపుకోండి.

కారు అప్పగించే ముందు నాలుగు వైపులా, మీటరుకూ ఫొటోలు తీసుకున్నాం. ట్యాంకులో మిగిలిన ఇంధనానికి డబ్బు వెనక్కి రాదు కాబట్టి చివరి రెండు రోజులూ కొంచెం కొంచెమే పోయించాం. అప్పగింత రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం స్కాన్, టోల్ రసీదులు ఒక ఫోల్డర్‌లో పెట్టాను. ఇటలీ అధికారులు విదేశాల్లో ఉండేవారికి 360 రోజుల వరకు జరిమానా నోటీసు పంపొచ్చు. ఆ ఫోల్డర్‌ను అన్నాళ్ళూ తీసేయకండి.