రెండు ముఠాలు, ఒక రేవు: థ్రిల్లర్ నవల రాసిన నా అనుభవం

మత్తుపదార్థాల వ్యాపారం కోసం రెండు ముఠాలు తలపడే యాక్షన్ థ్రిల్లర్ నవల ఒకటి రాయాలని సంకల్పించినప్పుడు, కథలో మొదటి తుపాకీ పేలకముందే ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలని నిర్ణయించుకున్నాను. వీళ్ళు అసలు దేని కోసం చంపుకుంటున్నారు? ఈ తరహా కథల్లో చాలావాటికి పగ ఒక్కటే జవాబు. తమ్ముణ్ణి చంపారు కాబట్టి అన్న కత్తి పడతాడు, తండ్రిని చంపారు కాబట్టి కొడుకు పెరిగి పెద్దవాడై తిరిగి వస్తాడు. పగ కథను నడిపించగలదన్న మాట నిజమే గానీ, అలాంటి కథలో మత్తుమందు స్థానంలో బంగారాన్ని పెట్టినా, భూమిని పెట్టినా ఏమీ మారదు. ఈ వ్యాపారపు స్వభావంలోంచే హింస ఎలా పుడుతుందో పాఠకుడి అనుభవంలోకి తేవాలన్నది నా కోరిక. చదవడం మొదలుపెట్టిన నాటి నుంచి ప్రతిని ప్రచురణకర్తకు అప్పగించేదాకా నన్ను నడిపించింది అదే.

చదువును మెక్సికో చరిత్రతో ప్రారంభించాను. 1980లలో అక్కడి అక్రమ రవాణాను చాలా మేరకు తన గుప్పిట్లో ఉంచుకున్న మిగెల్ ఆంహెల్ ఫెలిక్స్ గయార్దో 1989లో అరెస్టయ్యాక, ఆయన కింద ఉన్న రాజ్యం అమెరికా సరిహద్దు దారుల వారీగా చీలిపోయింది. తిహువానా దారి ఒక వర్గానికి, హువారెజ్ దారి మరొక వర్గానికి, సినలోవా వాళ్ళ చేతిలోని దారులు ఇంకొక వర్గానికి దక్కాయి. ఆ తరువాతి పోరాటాల్లో అధిక భాగం ఈ హద్దుల మీద జరిగినవే. అక్కడివాళ్ళు ‘ప్లాజా’ అని పిలిచే ఇలాకా ఎవరి ఆధీనంలో ఉంటే, ఆ దారిన సరుకు దాటించే ప్రతివాడూ వాళ్ళకు సుంకం కట్టవలసిందే. కొకైన్‌కు ముడిసరుకైన కోకా ఆకు పండించే రైతు చేతికి వచ్చేది ఎంతో స్వల్పం. కొకైన్ ధర చాలా మేరకు పెరిగేది సరిహద్దులు దాటుతున్నప్పుడే. కాబట్టి ముఠాలు కొట్టుకునేది సరుకు కోసం అనడం కన్నా దారి కోసం అనడం సబబు. ఇది తెలిసిన తరువాత నా నవలకు కేంద్రం దొరికింది. ఊహాకల్పితమైన ఒక రేవు, ఆ రేవులో కంటెయినర్లు బయటికి వెళ్ళే ఒకే ఒక్క గేటు, ఆ గేటు మీద పెత్తనం. నవలలో జరిగే ప్రతి హత్యా ఆ గేటుకు ఎవరినో దగ్గర చేయాలి, లేదా ఎవరినో దూరం చేయాలి. ఈ పరీక్షకు నిలవని సన్నివేశాలను ఎంత రక్తి కట్టినా పక్కన పెట్టాను.

గేటు కావాలనుకున్న వాళ్ళు బేరమాడుకోవచ్చు కదా, చంపుకోవడం ఎందుకన్న ప్రశ్న ఆ వెంటనే వచ్చింది. చట్టబద్ధమైన వ్యాపారంలో ఎవరైనా మోసం చేస్తే కోర్టుకు వెళ్ళవచ్చు, ఒప్పందపత్రం చూపించవచ్చు. ఇక్కడ ఆ రెండూ లేవు. మాట తప్పితే ప్రాణం పోతుందన్న భయమే ఈ వ్యాపారానికి ఒప్పందపత్రం. అలాగని హింస ఎక్కువైతే పోలీసులు దిగుతారు, పత్రికలు రాస్తాయి, రేవు మూతపడుతుంది, అందరి రాబడీ పడిపోతుంది. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న నాయకుడు నాకు పగతో రగిలిపోయే నాయకుడి కంటే ఎంతో ఆసక్తికరంగా కనిపించాడు.

ఈ ఇరకాటానికి కొలంబియా చరిత్ర నిలువెత్తు ఉదాహరణ. పాబ్లో ఎస్కోబార్ నాయకత్వంలోని మెడెలిన్ ముఠా ప్రభుత్వం మీదే బహిరంగ యుద్ధం ప్రకటించింది. 1989 నవంబరు 27న ఏవియాంకా విమానంలో బాంబు పేలి అందులో ఉన్న 107 మందీ మరణించారు. కాలి అనే మరో నగరానికి చెందిన ముఠా పెద్దలు మాత్రం అధికారులనూ రాజకీయ నాయకులనూ కొనుక్కుంటూ, వీలైనంత కాలం గౌరవనీయులైన వ్యాపారుల వేషంలో కొనసాగారు; ఎస్కోబార్‌ను వేటాడిన రహస్య బృందానికి డబ్బు సమకూర్చిన వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఎస్కోబార్ 1993 డిసెంబరులో హతమయ్యాడు. 1995లో కాలి ముఠాకు తలకాయలైన రోద్రిగెజ్ ఒరెహువెలా సోదరులు కూడా పట్టుబడ్డారు. అరిచిన ముఠా ముందు కూలింది, మౌనంగా ఉన్న ముఠా ఆ వెనకే కూలింది, కొకైన్ రవాణా మాత్రం కొత్త చేతుల్లో సాగిపోయింది. నా నవలలోని రెండు ముఠాలకు చెరొక స్వభావం అక్కడే కుదిరింది. ఒక నాయకుడు భయాన్ని నమ్ముకున్నవాడు, రెండో నాయకుడు లంచాన్ని నమ్ముకున్నవాడు. ఒకరి పద్ధతి మరొకరి వ్యాపారాన్ని పాడుచేస్తుంది గనుక, వాళ్ళ మధ్య సంధి కుదిరినా నిలవదు.

శత్రుత్వం ఎక్కడ మొదలవ్వాలన్న విషయంలోనూ చరిత్రే తోవ చూపింది. అతి దారుణమైన పోరాటాలు అపరిచితుల మధ్య జరిగినవి కావు. మెక్సికో సైన్యపు ప్రత్యేక దళాల నుంచి పారిపోయి వచ్చిన వాళ్ళతో ఏర్పడిన సేతాస్ ముఠా ఏళ్ళ తరబడి గల్ఫ్ కార్టెల్ అనే పెద్ద మత్తుమందుల ముఠాకు సాయుధ విభాగంగా పనిచేసి, 2010లో ఆ కార్టెల్ మీదికే తిరగబడింది. సినలోవా వర్గంతో భుజం కలిపి నడిచిన బెల్త్రాన్ లేవా సోదరులు 2008లో విడిపోయి యుద్ధానికి దిగారు. 2024 జులైలో సినలోవా కార్టెల్ పెద్ద ఇస్మాయెల్ సంబాదా అమెరికాలో అరెస్టయిన తరువాత, ఆ కార్టెల్‌లోని రెండు వర్గాలే కులియాకాన్ నగరాన్ని రణరంగం చేశాయి. అందుకే నా ఇద్దరు నాయకులను పాత భాగస్వాములుగా మలిచాను. ఒకరి సరుకు ఏ గోదాములో ఉంటుందో, ఒకరి పిల్లలు ఏ బడికి వెళతారో రెండోవారికి తెలుసు. ఈ ఒక్క మార్పుతో సంభాషణల నిండా బెదిరింపు పరుచుకుంది. ‘పాప బాగుందా’ అన్న మామూలు పలకరింపు కూడా చదివేవాడి వెన్నులో వణుకు పుట్టించేలా తయారైంది.

కథాక్రమం రాసుకునే ముందు రెండు ముఠాలకూ జమాఖర్చుల పుస్తకాలు తయారుచేశాను. గేటు కాపలాదారుకు ఎంత, లారీ నడిపేవాడికి ఎంత, వకీలుకు ఎంత, జైల్లో ఉన్నవాడి కుటుంబానికి ఎంత అని ఊహాంకెలతోనే అయినా శ్రద్ధగా పేర్చాను. నవల రాసే పని మొత్తంలో నాకు ఎక్కువ లాభం చేసింది ఈ పుస్తకాలే. ఉదాహరణకు నోట్ల బరువు సంగతి చూడండి. అమెరికా డాలరు నోటు ఏదైనా దాదాపు ఒక గ్రాము తూగుతుంది. పది లక్షల డాలర్లు ఇరవై డాలర్ల నోట్లలో ఉంటే యాభై వేల నోట్లు, అంటే 50 కిలోలు. వీధిలో అమ్మిన సరుకుకు వచ్చేది చిన్న నోట్లే కాబట్టి, అమ్మిన మందు కంటే వచ్చిన డబ్బే మోయడానికి బరువు, దాచడానికి కష్టం. దీని నుంచి నవలలో ఒక అధ్యాయం మొత్తం పుట్టింది. గెలిచిన ముఠా ఒక గదినిండా నోట్లు దగ్గర పెట్టుకొని, వాటిని ఎక్కడికీ కదిలించలేక, వాటి చుట్టూ కాపలా కాస్తూ దొరికిపోయే స్థితికి వస్తుంది. అంత డబ్బు బ్యాంకుల్లోకి చేరడం నమ్మశక్యంగా ఉంటుందా అన్న సందేహానికి హెచ్‌ఎస్‌బీసీ వ్యవహారం సమాధానమిచ్చింది. మెక్సికో ముఠాల డబ్బు తమ ఖాతాల గుండా ప్రవహించకుండా ఆపలేకపోయినందుకు ఆ బ్యాంకు 2012లో అమెరికా ప్రభుత్వానికి సుమారు 190 కోట్ల డాలర్లు చెల్లించింది.

జమాఖర్చుల పుస్తకంలో చిట్టచివరి వరుస వీధి మలుపులో కాపు కాసే కుర్రాడిది. అమెరికాలోని ఒక ముఠా లెక్కల పుస్తకాలను పరిశీలించి స్టీవెన్ లెవిట్, సుధీర్ వెంకటేశ్ 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అట్టడుగు స్థాయి కుర్రాళ్ళ సంపాదన కనీస వేతనానికి దగ్గరగానో అంతకు తక్కువగానో ఉంది. ముఠాల మధ్య యుద్ధం జరిగే కాలంలో చావు ముప్పు విపరీతంగా పెరిగేది. యాక్షన్ కథల్లో ఇలాంటి కుర్రాళ్ళు గుంపులుగా వస్తారు, నాయకుడి తూటాలకు వరుసగా పడిపోతారు, వాళ్ళకు పేర్లుండవు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. నా నవలలో అలాంటివాడికి పేరు పెట్టాను, చెల్లెల్ని ఇచ్చాను, ఒక జత కొత్త బూట్ల మీద మోజు ఇచ్చాను. రేవు గేటు దగ్గర జరిగే పెద్ద కాల్పుల ఘట్టాన్ని పూర్తిగా అతని కళ్ళతోనే చూపించాను. ఎవరు ఎవరిని ఎందుకు కాలుస్తున్నారో అతనికి తెలియదు. తనను అక్కడ నిలబెట్టిన వాడు ఎప్పుడో వెళ్ళిపోయాడని కూడా తెలియదు. ఆ అధ్యాయం రాయడానికి మిగతా వాటన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. ఉత్కంఠ తగ్గకూడదు, దయ తగ్గకూడదు; ఒక వాక్యం అటు మొగ్గితే మరొక వాక్యాన్ని ఇటు లాగుతూ, పదే పదే పైకి చదువుకుంటూ కొనసాగించాను.

పోరాట ఘట్టాల విషయంలో నేను పెట్టుకున్న నియమాలు కఠినమైనవే. ముందు స్థలం పటం గీసుకోవడం, ప్రతి మనిషీ ఎక్కడ నిలబడ్డాడో గుర్తుపెట్టుకోవడం, ఆ తరువాతే కలం పట్టడం. మామూలు పిస్తోలులో పదిహేను, పదిహేడు తూటాలకు మించి పట్టవు కాబట్టి, పాత్ర కాల్చిన ప్రతి తూటానూ లెక్కపెట్టాను. సైలెన్సర్ బిగించినా తుపాకీ చప్పుడు తగ్గుతుందే గానీ మాయమవదు. కారు తలుపు రైఫిలు తూటాను ఆపదు. నాలుగు గోడల మధ్య కాల్పులు జరిగితే చెవులు గింగుర్లెత్తి, పక్కవాడి మాట కూడా వినబడదు. భుజంలో తూటా దిగిన వీరుడు కట్టు కట్టుకొని తరువాతి పుటలో గోడ దూకడం చాలా కథల్లో చూశాం. భుజం దగ్గర పెద్ద రక్తనాళాలూ, చేతికి వెళ్ళే నాడులూ ఉంటాయి గనుక, నా కథలో అక్కడ గాయపడిన మనిషి ఆ చెయ్యిని మళ్ళీ సరిగా వాడలేడు. ఈ నియమాలు ఉత్కంఠను చంపుతాయేమోనని కొందరు మిత్రులు అనుమానించారు. రాసి చూపించాక ఆ అనుమానం తీరింది. తూటాలు అయిపోతున్నాయని, చెవులు వినబడడం లేదని తెలిసిన పాఠకుడు పాత్రతో పాటే ఊపిరి బిగబడతాడు.

సరుకు తయారీ వివరాలను మాత్రం ఎక్కడా రాయలేదు. కథకు అవి అవసరం లేదు, చదివేవాడికి మేలు చేయవు. ముఠా నాయకుల భోగాలను కూడా వాళ్ళు వాటిని అనుభవించే తీరిక లేకుండా ఉన్నప్పుడే చూపించాను.

రాతప్రతి చదివిన సంపాదకులు చివరి అధ్యాయంలో నిజాయితీగల పోలీసు అధికారి ఒకరు రెండు ముఠాలనూ మట్టుబెడితే పాఠకులకు తృప్తిగా ఉంటుందని సూచించారు. వాళ్ళ ఆలోచన నాకు అర్థమైంది, గౌరవించాను కూడా. అయితే కొలంబియాలో ఏం జరిగిందో వివరించి, నాయకులు పోయినంత మాత్రాన గేటు ఖాళీగా ఉండదని చెప్పాను. దానికి బదులుగా ఇటలీలోని సిసిలీ చరిత్ర నుంచి వేరొక ముగింపును ప్రతిపాదించాను. హెరాయిన్ డబ్బుతో బలిసిన అక్కడి మాఫియాలో 1980ల ఆరంభంలో కోర్లియోనె వర్గం తన ప్రత్యర్థులను వెంటాడి చంపింది. ఇద్దరు కొడుకులనూ మరెందరో బంధువులనూ పోగొట్టుకున్న మాఫియా సభ్యుడు తొమ్మాసో బుషెత్తా 1984లో న్యాయమూర్తి జొవాన్నీ ఫల్కోనె ముందు నోరు విప్పాడు. ఆ వాంగ్మూలం పునాదిగా 1986 ఫిబ్రవరిలో పలెర్మోలో మహా విచారణ మొదలై, 1987 డిసెంబరులో మూడు వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. ఫల్కోనె దానికి మూల్యం చెల్లించాడు; 1992 మే నెలలో ఆయన ప్రయాణిస్తున్న దారిని బాంబుతో పేల్చి చంపారు. తుపాకులు చేయలేని పనిని ఒక మనిషి సాక్ష్యం చేయగలదనీ, ఆ సాక్ష్యం విన్నవాడి ప్రాణానికి కూడా భద్రత ఉండదనీ ఈ చరిత్ర చెబుతోంది గనుక, నా నవలలో మలుపును లంచం నమ్ముకున్న నాయకుడి లెక్కలు రాసే గుమాస్తా చేతిలో పెట్టాను. అతన్ని కోర్టు మెట్ల దాకా ప్రాణాలతో చేర్చడమే ఆఖరి పోరాట ఘట్టం. సంపాదకులు దీనికి అంగీకరించడమే కాక, ఆ ప్రయాణాన్ని ఇంకా పొడిగించమని అడిగారు. వాళ్ళ కోరిక న్యాయమైనది, పొడిగించాను.

ముద్రణకు ముందు గాయాల వర్ణనలను శస్త్రచికిత్స చేసే వైద్యుడొకరికీ, విచారణ సన్నివేశాలను క్రిమినల్ కేసులు చూసే న్యాయవాది ఒకరికీ చదవడానికి ఇచ్చాను. వైద్యుడు రక్తస్రావం సాగే వేళను సరిదిద్దారు. సాక్షి రక్షణలో ఉన్నవాడు కుటుంబానికి నేరుగా ఫోన్ చేసే సన్నివేశం కుదరదని న్యాయవాది చెప్పడంతో, అక్కడ మధ్యవర్తిగా ఒక అధికారిణిని ప్రవేశపెట్టాను. ఆమె రాకతో గుమాస్తా ఒంటరితనం ఇంకా స్పష్టంగా కనబడింది. ఆ సవరణలతో ప్రతిని అప్పగించాను. కోర్టు తీర్పు తరువాత రేవు గేటు మీద పెత్తనానికి కొత్తవాళ్ళు బేరం మొదలుపెట్టే పుటను తీసివేద్దామన్న చర్చ ఆఖరి రోజు వరకూ నడిచింది. అది ఉండి తీరాలని పట్టుబట్టాను, ఉంచారు.