రాక్ చాక్ వినబడితే మా పని మొదలు

కాన్సాస్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివిన రెండేళ్లూ చలికాలమంతా నేను అక్కడి బాస్కెట్‌బాల్ స్టేడియం అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో పని చేశాను. ఆట అయ్యాక మెట్ల వరసలు ఊడ్చే పని. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయనివ్వరు. గది అద్దె, బియ్యం, ఫోన్ కార్డు అన్నీ అందులోంచే. నాన్నకు మాత్రం లైబ్రరీలో పని అని చెప్పాను. దర్శి దగ్గర పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపిన మనిషికి చీపురు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

యూనివర్సిటీ ఉన్న లారెన్స్ చిన్న ఊరు. ఆట ఉన్న రోజున మాత్రం అప్పట్లో 16,300 మంది ఆ ఒక్క కప్పు కిందే ఉండేవారు. చివరి నిమిషాల్లో మేం సంచులు, గ్లవ్స్ పట్టుకుని కింద నడవాలో నిలబడేవాళ్లం. గెలుపు ఖాయమయ్యాక జనం లేచి అందుకుంటారు, 'రా...క్ చా...క్, జే...హాక్, కేయూ...' అని సాగదీసి, నెమ్మదిగా. జేహాక్ అంటే మా జట్టు, కేయూ అంటే మా యూనివర్సిటీ. 1886లో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ మొదలుపెట్టిన నినాదమట. తిరుమల క్యూలో ఎక్కడో ముందు మొదలైన గోవింద నామం మన దాకా వచ్చి మీద నుంచి సాగిపోతుంది చూడండి, నాకు అదే గుర్తొచ్చేది. అది మొదలైతే గ్లవ్స్ తొడుక్కోవాలి. మా సూపర్‌వైజర్ నోటితో చెప్పే పనే లేదు.

అన్నిటికన్నా కష్టం కాగితం ముక్కలు. ఎదుటి జట్టును పరిచయం చేస్తుంటే స్టూడెంట్లు పట్టించుకోనట్టు న్యూస్‌పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. తమ జట్టు వంతు రాగానే దాన్నే ముక్కలు చేసి గాల్లోకి విసురుతారు. చూసేవాళ్లకు పండగే. కానీ ఒలికిన కోక్ మీద పడ్డ ముక్క ఆట ముగిసేసరికి చెక్కకు అతుక్కుపోతుంది. చీపురుకు రాదు, గోటితో గీకాలి. గదికి వెళ్లి బూట్లు విప్పితే అడుగున ఎవరిదో సగం ఫోటో కనపడేది.

జనం వెళ్లిపోయాక ఆ భవనాన్ని చూసే అదృష్టం నాలాంటి వాళ్లకే దక్కింది. 1955 మార్చి 1న తెరిచారు. కొరియా యుద్ధం రోజుల్లో కట్టడానికి ఉక్కు దొరక్కపోతే, సైన్యానికి ఆయుధాగారంగా కూడా పనికొచ్చేలా గదులు చేర్చి అనుమతి తెచ్చుకున్నారట. లైట్లు ఒక్కొక్కటే ఆరుతుంటే పై నుంచి 'ఫాగ్ ఉంది, జాగ్రత్త' అనే బ్యానర్ కిందికి చూస్తుండేది. ఫాగ్ అంటే పొగమంచు కాదు, కోచ్ ఫాగ్ అలెన్. ఆయన పేరే భవనానికి పెట్టారు.

2011 జనవరి 22న టెక్సాస్ మీద 74-63తో ఓడిపోయాం. సొంత కోర్టులో వరసగా 69 ఆటలు గెలిచాక వచ్చిన ఓటమి. ముందు రోజు రాత్రే మా జట్టు ఆటగాడు థామస్ రాబిన్సన్ తల్లి చనిపోయింది. అంతకు కొద్ది వారాల ముందే అమ్మమ్మ, తాతయ్య. ఆ కుర్రాడు ఆ రోజు కోర్టులోకి దిగి ఆడాడు. అదే చలికాలంలో మా నాయనమ్మ పోయింది. 'నువ్వు రాబాకురా, వచ్చి చేసేదేముంది, చదువు చూసుకో' అన్నాడు నాన్న ఫోన్లో. ఆట ఓడిన ఆ సాయంత్రం నినాదం లేదు. జనం మాట్లాడకుండా మెట్లు దిగారు. మేం కూడా మాట్లాడకుండానే ఊడ్చాం. నేను మొదటిసారి ఏడ్చింది ఆ రోజే, పై వరసలో, సంచి కట్టుకుంటూ.

ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కూడా వలస వచ్చినవాడేనని ఆ తర్వాత తెలిసింది. కెనడాలో పుట్టి, 1891లో మసాచుసెట్స్‌లో పీచ్ పండ్ల బుట్టలు వేలాడదీసి ఆట మొదలుపెట్టి, 1898లో కాన్సాస్ వచ్చాడు. అమెరికా పౌరుడైంది 1925లో. ఇక్కడ మొదటి కోచ్ ఆయనే. 55 గెలుపులు, 60 ఓటములు. గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువున్న కోచ్ ఈ యూనివర్సిటీ చరిత్రలో ఆయనొక్కడే. అయినా కోర్టుకు ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన సమాధీ ఈ ఊళ్లోనే ఉంది. ఒక ఆదివారం బస్సు లేకపోతే నడిచి వెళ్లి చూసొచ్చాను. ఎందుకెళ్లానంటే ఏం చెప్పను, వెళ్లాలనిపించింది.

ఇప్పుడు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉద్యోగం, లారెన్స్ గంట లోపు దూరం. పోయిన ఏడు మొదటిసారి టికెట్ కొని పాపతో వెళ్లాను. పేపర్ చేతిలో పెట్టి 'చింపు నాన్నా' అంది. చింపాను గానీ ముక్కలు పెద్దవిగానే చింపాను, ఏరడానికి వీలుగా. చివర్లో అవతలి వైపు నుంచి 'రా...క్ చా...క్' మొదలైంది. నేను చటుక్కున లేచాను. పాప కూడా లేచి నా చెయ్యి పట్టుకుంది, నినాదం కోసం లేచాననుకుని. నా రెండో చెయ్యి కోటు జేబులో గ్లవ్స్ వెతుకుతోంది.