రోటి పక్కన మామ్మగారు

డిసెంబరు చివర్లో మా ఆఫీసు సగం ఖాళీ అయిపోతుంది. వీసా స్టాంపింగ్ గొడవతో ఆ ఏడాది ఇండియా వెళ్లలేకపోయాను. ఏమీ తోచక కాలిఫోర్నియాలోని శాన్ హోసే జపాన్‌టౌన్‌లో తిరుగుతుంటే ధబ్ ధబ్‌మని దంపుడు చప్పుడు వినిపించింది.

వెళ్లి చూస్తే పెద్ద రోలు. ఇద్దరు కుర్రాళ్లు కర్ర సుత్తులతో ఉడికించిన జిగురు బియ్యం దంచుతున్నారు. కొత్త సంవత్సరానికి మోచి చేస్తున్నారు. ఎనభై ఏళ్ల మామ్మగారొకరు రోటి పక్కన వంగి, దెబ్బకీ దెబ్బకీ మధ్య తడిచేత్తో ముద్దను మడిచి తిప్పుతున్నారు. లెక్క తప్పితే వేళ్లు నలిగిపోతాయి. సంక్రాంతికి అరిసెల పిండి దంచేటప్పుడు మా అమ్మమ్మ ఎగదోసేది ఇలాగే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ తలెత్తి చూసి, "ఆకలేస్తోందా?" అన్నారు.

ఆ పరిచయానికి ఇప్పుడు ఆరేళ్లు. నన్ను 'రావు-సాన్' అంటారు. సాన్ అంటే మన 'గారు' లాంటిదే.

ఆవిడ జపాన్‌లోని కుమమోతో దగ్గరి పల్లె నుంచి 1960లలో పెళ్లై ఇక్కడికి వచ్చారు. మనం సిలికాన్ వ్యాలీ అంటున్న ఈ నేలంతా అప్పుడు పండ్ల తోటలు. పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో అప్రికాట్లు కోసే పని చేశారు. ఎడమ బొటనవేలి మీద ఆ కత్తిగాటు ఇంకా ఉంది.

భర్త ఇక్కడే పుట్టినవారు. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 ఉత్తర్వుతో పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ముళ్లకంచెల వెనక్కి తరలించారు. అందులో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే! ఆయన బాల్యం వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ క్యాంపులో గడిచింది. మా శాన్ హోసే ఎయిర్‌పోర్టుకు ఎవరి పేరుందో, ఆ నార్మన్ మినేటా కూడా పదేళ్లప్పుడు ఆ క్యాంపుకే వెళ్లారు. 1971లో ఇదే ఊరికి మేయరయ్యారు. అమ్మానాన్నలను దించుకోవడానికి ఎన్నిసార్లు ఆ బోర్డు కింద నిలబడ్డానో, ఆ పేరు ఎవరిదని ఒక్కసారీ ఆలోచించలేదు.

1988 చట్టం ప్రకారం ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్లకు తలా 20,000 డాలర్లిచ్చింది. చెక్కు వచ్చిన రోజు ఆయన కవరు చింపకుండా వంటింట్లో పొద్దుపోయేదాకా కూర్చున్నారట.

గ్రీన్‌కార్డు టెన్షన్ గురించి ఒకసారి ఆవిడ దగ్గర వాపోయాను. తన మామగారి సంగతి చెప్పారు. జపాన్‌లో పుట్టినవాళ్లు పౌరసత్వానికి పనికిరారని 1922లో సుప్రీంకోర్టు తేల్చింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో మనవాళ్లకూ అదే తీర్పు. మనకు 1946లో, వాళ్లకు 1952లో ఆ తలుపు తెరుచుకుంది. ముసలితనంలో పౌరసత్వ పరీక్ష కోసం మామగారు రాత్రిళ్లు కూర్చుని చదివారట. ఆ తర్వాత నా కష్టం చెప్పుకోవాలనిపించలేదు.

రిటైరయ్యాక ఆవిడ ఒంటరి వృద్ధులకు భోజనం డబ్బాలు అందించే పని పెట్టుకున్నారు. ఇప్పుడు కారు నడపలేరు, అందుకే శనివారాలు నేను తీసుకెళ్తాను. మొదటిరోజే గట్టిగా చెప్పారు: "డబ్బా గుమ్మంలో పెట్టి వచ్చేయకండి. కాసేపు కూర్చోండి. పాత డబ్బా ఖాళీ అయిందో లేదో చూడండి. తినలేదంటే ఒంట్లో బాగాలేదన్నమాట."

కిందటి వేసవిలో వాళ్ల పెరట్లో ఉమెబోషి ఎండబెట్టారు. ఉమె అనే పుల్లని పండుతో చేసే ఊరగాయ అది. ఉప్పులో ఊరేసి, మూడు రోజులు ఎండలో పెట్టి, ఆ ఊటతోనే నిలవ చేస్తారు. "ఇది మా మాగాయే కదండీ!" అన్నాను. ఇండియన్ స్టోర్‌లో మామిడికాయలు తెచ్చి, ఆ చాపల పక్కనే నేనూ ముక్కలు ఎండబెట్టాను.

మొన్న శనివారం డబ్బాల్లో అన్నం మీద ఉమెబోషి, పక్కన చిన్న మాగాయ ముక్క ఉన్నాయి. నాతో ఒక మాటైనా చెప్పకుండా ఆవిడే సర్దేశారు. తొంభై దాటిన ఒక తాతగారు టెంక దాకా చీకి, వచ్చేవారం రెండు ముక్కలు పెట్టమని చెప్పి పంపారు. జాడీలో అడుగంటిపోయింది. ఇంకో పది కాయలు కొనాలి.