రెండో అటెంప్ట్‌లో క్వాలిఫై అయ్యాను: ఎర్గోథయోనిన్ ఒక్కటే తొమ్మిది రోజులు ఎందుకు చదివానంటే

రిజల్ట్ వచ్చి రెండు రోజులైంది, ఇప్పటికి గుండె కుదుటపడింది. చాలామంది స్ట్రాటజీ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఎర్గోథయోనిన్ అంటే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొన్ని సూక్ష్మజీవులు చేసుకునే, సల్ఫర్ ఉన్న చిన్న అణువు.

మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది. మైకోబాక్టీరియం అనే బాక్టీరియాలో దీన్ని తయారుచేసే ఎంజైములు ఐదూ శుద్ధిచేసి ట్యూబులో కలిపి, శామ్ (మిథైల్ గుంపులు అందించే ఎస్-అడినోసిల్ మిథియోనిన్)లోని సల్ఫర్‌కి మాత్రమే లేబుల్ (తర్వాత గుర్తుపట్టే గుర్తు) పెడితే, తయారైన ఎర్గోథయోనిన్‌లో ఆ లేబుల్ కనిపిస్తుందా అని అడిగారు. శామ్‌లో సల్ఫర్ ఉంది, ప్రొడక్ట్‌లోనూ ఉంది కదా అని 'కనిపిస్తుంది' పెట్టాను. నెగటివ్ మార్కు కూడా పడింది. నేను చదవక కాదు, ఈజీటీ-ఎ నుంచి ఈజీటీ-ఈ దాకా ఆ ఐదు ఎంజైముల పేర్లన్నీ గడగడా అప్పజెప్పేదాన్ని. ఏ అణువు ఎటు పోతోందో మాత్రం ఎప్పుడూ గీసి చూడలేదు.

రెండోసారి హిస్టిడిన్ గీసి, సల్ఫర్‌కి ఎర్ర పెన్ను పెట్టుకుని మొదలుపెట్టాను. ఈజీటీ-డి మూడు శామ్‌లు వాడి హిస్టిడిన్ అమైనో నైట్రోజన్‌కి మూడు మిథైల్స్ తగిలిస్తే హెర్సినిన్ వస్తుంది. శామ్ ఇచ్చేది అంతే, దాని సల్ఫర్ దానితోనే పోతుంది! ఎర్ర సిరా పడేది సిస్టీన్ మీద. ఈజీటీ-ఎ దాన్ని గ్లుటమేట్‌తో కలిపి గామా-గ్లుటమైల్ సిస్టీన్ చేస్తుంది, ఇనుమున్న ఈజీటీ-బి ఆక్సిజన్ వాడుకుని ఆ సల్ఫర్‌ని హెర్సినిన్‌లోని ఇమిడజోల్ రింగ్‌లో రెండు నైట్రోజన్ల మధ్యనున్న కార్బన్‌కి అతికిస్తుంది. తర్వాత ఈజీటీ-సి గ్లుటమేట్‌ని తీసేస్తుంది, ఈజీటీ-ఈ మిగిలిన సిస్టీన్ తోకని తెంచేస్తుంది, సల్ఫర్ రింగ్ మీద ఉండిపోతుంది. కణాల్లో ఉండే మరో సల్ఫర్ అణువు గ్లుటాథయోన్‌కీ మొదటి మెట్టు గామా-గ్లుటమైల్ సిస్టీనే, కానీ అక్కడ గ్లైసిన్ చేరుతుంది, ఇక్కడ గ్లుటమేటే ఊడిపోతుంది.

ఒక్క పాత్‌వేకి తొమ్మిది రోజులా, టైం వేస్ట్ అన్నారు. నేను ఒప్పుకోను. రోజూ కూర్చుని చేత్తో గీయకుండా వీడియోలు చూస్తూ పోతే ఎన్ని యూనిట్లు 'కంప్లీట్' అయినా లాభం లేదు, ఈ మాట కోపంగానే చెబుతున్నాను. శిలీంధ్రాల్లో ఈజీటీ-1 ఒక్కటే బి, డి పనులు రెండూ చేస్తుందని, అది నేరుగా సిస్టీన్‌నే వాడుతుందని ఆ తొమ్మిది రోజుల్లోనే అర్థమైంది. మిగతా యూనిట్లకి పాత పేపర్లు చేశాను, అంతే.

ఈసారి ఆక్సిజన్ లేనిచోట బతికే క్లోరోబియం లిమికోలా అనే బాక్టీరియా ఎర్గోథయోనిన్‌ని ఎలా చేస్తుందని వచ్చింది. ఈజీటీ-బికి ఆక్సిజన్ కావాలి కాబట్టి అది కుదరదు, హెర్సినిన్‌కి సల్ఫర్‌ని నేరుగా అందించే ఈఏఎన్-బి అనే ఎంజైమ్ ఉన్న ఆప్షన్ పెట్టాను. పెన్ను కింద పెట్టి ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాను.